యంత్రం వేసే మాటు

హోసూరు, కృష్ణగిరి, బెంగుళూరు ప్రాంతాలలో స్థిరపడిన మన కుటుంబాలలో ఈ మధ్య తరచుగా వినబడుతున్న ప్రశ్న ఒకటున్నది. “మా అమ్మాయి ఐటీఐలో ఎలక్ట్రానిక్సు పూర్తి చేసింది. ఫ్యాక్టరీలలో సోల్డరింగు పని కూడా ఇప్పుడు రోబోలే చేస్తున్నాయట. ఇక ఈ చేతిపని నేర్చి ప్రయోజనమేమిటి?” అని. ప్రశ్న న్యాయమైనదే. జవాబు చెప్పేముందు ఆ యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో కొంచెం తెలుసుకోవాలి. మేము గుమాస్తాపని చేసుకునేవాళ్ళమే గాని ఇంజనీర్లము కాము. అందుచేత ఇంటిభాషలోనే చెప్పుతాము.

సోల్డరింగు అంటే మన పూర్వులు మాటు వేయడమన్నదే. చిల్లిపడ్డ బిందెకు మాటు వేయించడం తరతరాలుగా మన ఇళ్ళలో ఉన్న పని. కన్నడంలో దీనినే బెసుగె అంటారు. తక్కువ వేడికి కరిగే లోహంతో రెండు లోహాలను కలపడమే ఇందులోని సూత్రం. తమిళనాట ఉన్న మన గృహిణులకు ఈయచెంబు సంగతి బాగా తెలుసు. చారు పోయకుండా ఖాళీచెంబును పొయ్యిమీద పెడితే చెంబే కరిగిపోతుంది. కారణం, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. సీసానికి 327 డిగ్రీలు కావాలి. చిత్రమేమంటే, నూటికి 63 పాళ్ళు తగరమూ 37 పాళ్ళు సీసమూ కలిపితే ఆ మిశ్రమం 183 డిగ్రీలకే, అనగా రెండింటికన్నా ముందుగానే, కరుగుతుంది. రేడియో మెకానిక్కులు చిరకాలం వాడిన తీగ ఇటువంటిదే.

సీసం విషం గనుక ఐరోపా దేశాలు 2006 జూలై నుంచి కొత్త పరికరాలలో దానిని చాలావరకు నిషేధించినవి. మన దేశంలోనూ 2011 నాటి ఇ-వ్యర్థాల నిబంధనలు సీసానికి హద్దు పెట్టినవి. ఇప్పుడు తగరంలో కొద్దిగా వెండి, రాగి కలిపి వాడుతున్నారు. ఇది కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి. వేడి పెరిగినకొద్దీ పొరపాటుకు చోటు తగ్గింది. పైగా సెల్‌ఫోను పలకమీద ఉండే భాగాలు కొన్ని ఆవగింజకన్నా చిన్నవి. అటువంటివాటికి వేలకొలదిగా చేతితో మాటు వేయడం మనిషివల్ల అయ్యే పని కాదు.

కాబట్టి ఫ్యాక్టరీలో మరొక పద్ధతి అవలంబిస్తారు. చిల్లుల పళ్ళెంతో ముగ్గు వేసినట్లే, సన్నని చిల్లులున్న ఉక్కురేకును పలకమీద పెట్టి, మాటు లోహపు పొడి కలిపిన ముద్దను దానిమీద గీస్తారు. రేకు ఎత్తగానే కావలసినచోట మాత్రమే ముద్ద నిలుస్తుంది. ఒక యంత్రం చిన్నభాగాలను తీసి వాటి స్థానాలలో పెడుతుంది. తరువాత పలక పొడుగాటి కొలిమిలోగుండా మెల్లగా సాగి, క్రమంగా వేడెక్కి, ముద్ద కరిగి, చల్లారి బయటకు వస్తుంది.

ఆ కొలిమి వేడికి తట్టుకోలేని భాగాలు, లావు తీగలు, పెద్ద కనెక్టర్లు మిగులుతాయి. రోబో చెయ్యి వచ్చేది ఎక్కువగా ఇక్కడనే. నేర్పరి అయిన పనివాడు చేసేదే అదీ చేస్తుంది. ముందు కాడనూ దాని చుట్టూ ఉన్న రాగినీ కలిపి వేడిచేస్తుంది. కొలత ప్రకారం తీగ అందిస్తుంది. క్షణకాలం ఆగి మొన తీస్తుంది. ఉదయం వేసిన మాటూ రాత్రి వేసిన మాటూ ఒకేలా ఉంటాయి. దానికి చెయ్యి వణకదు, కన్ను అలసిపోదు. ఈ విషయంలో మనిషి దానితో పోటీపడలేడని ఒప్పుకోవాలి. పని చేసే చేతులు తగ్గుతాయన్నదీ నిజమే. దాచి లాభం లేదు.

అయితే దీనికి రెండవ వైపు ఉన్నది. కరిగిన తగరం మొనను కొంచెం కొంచెంగా తినివేస్తుంది. మొన అరిగినా, తీగ అందడం తప్పినా, యంత్రం ఆ తప్పునే పలక తరువాత పలకమీద శ్రద్ధగా వేసుకుంటూ పోతుంది. కెమెరాలూ ఎక్స్‌రేలూ చాలావరకు పట్టుకుంటాయి. కాని ఏది మంచి మాటో వాటికి ముందుగా చెప్పవలసినవాడు, అనుమానం వచ్చినప్పుడు తీర్పు చెప్పవలసినవాడు మనిషే.

ఒక్క మాటులో ఏముందిలే అనుకోవద్దు. 2014 డిసెంబరు 28న ఇండోనేషియాలోని సురబయ నుంచి సింగపూరు వెళ్ళుతున్న ఎయిర్ ఏషియా విమానం జావా సముద్రంలో కూలి, అందులోని 162 మందీ మరణించారు. తోక చుక్కాని కదలికకు హద్దుపెట్టే పరికరంలో మాటు బీటవారిందని 2015 డిసెంబరులో వెలువడిన విచారణ నివేదిక తెలిపింది. మాటు ఒక్కటే విమానాన్ని కూల్చలేదు. హెచ్చరికను ఆపబోయి చేసిన పనీ, తరువాత విమానం నడపడంలో జరిగిన పొరపాట్లూ తోడైనవి. కాని మొదటి లంకె ఆ బీటయే. ఆ సంవత్సరంలోనే ఆ పరికరం 23 సార్లు లోపం చూపింది. ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఒకే ఫిర్యాదు 23 సార్లు వచ్చింది. మూలం కనిపెట్టకుండానే ప్రతిసారీ ఫైలు మూసినారు. ఇది యంత్రం తీర్చగల లోపం కాదు.

కనుక తల్లిదండ్రులకు మా సలహా ఇది. పిల్లలు చేతిపని తప్పక నేర్చుకోవాలి. కాని అక్కడితో ఆగకూడదు. మంచి మాటు కాడచుట్టూ నెయ్యిలా పరుచుకుంటుంది. చెడ్డమాటు చేమాకుమీద నీటిబొట్టులా ముద్దకట్టి నిలుస్తుంది. తన చేతితో వందసార్లు వేసి చూసిన పిల్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అటువంటి పిల్లకే రోబోకు వేడి, కాలం, తీగ కొలత ఎంతెంత ఉండాలో దిద్దే పని అప్పగించవచ్చు.

ఉద్యోగంలో చేరేముందు మూడు సంగతులు అడగండి. యంత్రం దిద్దడమూ, తనిఖీ చేయడమూ నేర్పుతారా, లేక పలకలు అందించడమేనా? ఉద్యోగం కంపెనీదా, కాంట్రాక్టరుదా? పొగను లాగివేసే ఏర్పాటున్నదా? మాటు తీగలోని గుగ్గిలంవంటి పదార్థం పొగవల్ల కొందరికి ఉబ్బసం వస్తుంది. ఇళ్ళలోనూ రిపేరు షాపులలోనూ సీసం కలిసిన తీగ వాడేవారు పని ముగియగానే సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏదీ తినరాదు. సీసం ఒంట్లోకి పొగ ద్వారాకన్నా వేళ్ళ ద్వారానే ఎక్కువగా చేరుతుంది.

జీతం ఎంతని అడగడానికి మనవాళ్ళు మొహమాటపడరు. పని ఏమి నేర్పుతారని అడగడానికీ మొహమాటపడకూడదు. ఈ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబునుబట్టే పదేళ్ళ తరువాతి జీతం ఉంటుంది.