గుట్టుగా కొనే మాత్ర

అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా... మందుల షాపులో జనం పలచబడేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగే మాత్ర ఒకటుంది. అంగస్తంభన సమస్యకు వాడేది. గుండెనొప్పి కోసం పరీక్షిస్తుంటే సిల్డెనాఫిల్‌కు ఈ గుణం బయటపడింది. 1998లో అమెరికాలో వయాగ్రాగా అనుమతి వచ్చింది. 2001లో మన కంపెనీలూ పెనెగ్రా, కావెర్టా లాంటి పేర్లతో తెచ్చాయి. టాడలాఫిల్ ఆ తర్వాతది.

రెంటిలో ఏది మేలు? పనిచేసే తీరు ఒకటే, రక్తనాళాలను వదులు చేయడం. తేడా అంతా సమయంలోనే. సిల్డెనాఫిల్ గంట ముందు వేసుకుంటే నాలుగైదు గంటలు, టాడలాఫిల్ 36 గంటల దాకా. కొబ్బరిపాల కూర, నెయ్యి కారే ఆత్రేయపురం పూతరేకులు కడుపునిండా లాగించాక వేసుకుంటే సిల్డెనాఫిల్ ఆలస్యంగా అందుకుంటుంది. పనిచేయలేదని ఇంకోటి మింగేవాళ్లున్నారు, అది మరీ ప్రమాదం. టాడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు. అన్నట్టు, కోరిక పుట్టించడం రెంటి వల్లా కాదు.

గుండెజబ్బుతో సార్బిట్రేట్ వాడేవాళ్లు మాత్రం రెంటినీ ముట్టకూడదు. బీపీ ప్రాణాంతకంగా పడిపోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టాడలాఫిల్ అయితే 48 గంటల్లో ఛాతీనొప్పి వస్తే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. తెలియక నాలుక కింద బిళ్ల పెడితే? అందుకే ఇంట్లో భార్యకైనా తెలిసుండాలి.

చీటీ లేకుండా కొనేవారికి ఇంకో నష్టం. ఈ సమస్య వెనక షుగరు దాగి ఉండొచ్చు. గుండెజబ్బుకు తొలి గుర్తూ కావచ్చు. డాక్టరు దగ్గరికెళితే ముందు ఆ పరీక్షలే రాస్తారు.