అడుగువారు లేని సాక్ష్యము

టెక్కలి కోర్టు వరండాలో సాక్షిని పక్కకు పిలిచి ప్లీడరుగారు చెప్పెడి మాట మన ఉద్దానపు రైతులకు క్రొత్తది కాదు: “అడిగినదానికే జవాబు చెప్పు బాబూ, పైమాట ఎత్తకు.” జీవితమెల్ల ఈ ఉపదేశము చేసినవారు తామే స్వీయచరిత్ర వ్రాయబూనినచో, అడుగువారు లేని ఆ సాక్ష్యమున ఏది చెప్పుదురు, ఏది మింగుదురు?

వరాహగిరి వేంకటగిరిగారి ఆంగ్ల స్వీయచరిత్ర ‘మై లైఫ్ అండ్ టైమ్స్’ను తెరచినపుడెల్ల మాకీ సందేహము కలుగుచుండును. బరంపురమున జన్మించి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రము చదివి, ఐరిష్ విప్లవకారులతో సంబంధమున్నదను అనుమానమున 1916లో ఆ దేశము విడువవలసివచ్చి, మద్రాసు హైకోర్టున న్యాయవాదియై, బెంగాల్ నాగపూర్ (బి.ఎన్.) రైల్వే కార్మికులకు సంఘము కట్టిన ఆయన, 1952లో మన జిల్లాలోని పాతపట్నం నుండియే లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రియైరి. బ్యాంకు ఉద్యోగుల వివాదమున వెలువడిన తీర్పును ప్రభుత్వము సవరించినదని 1954లో ఆ పదవిని త్యజించిరి. చిత్రమేమనగా, పదునైదేండ్లకు మరల బ్యాంకులే ఎదురైనవి: 1969 జూలై 19న తాత్కాలిక రాష్ట్రపతిగా పదునాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకము చేసి, మరునాడు రాజీనామా ఇచ్చి, రాష్ట్రపతి ఎన్నికకు నిలిచిరి. గెలిచిరి. సలహా ఇచ్చుట వృత్తిగా నేర్చినవారు, సలహా స్వీకరించుటయే ధర్మమైన పీఠమున 1974 వరకు కూర్చుండిరి.

తమ ఎన్నికను ప్రశ్నించిన దావాలో, రాష్ట్రపతియై యుండియు, 1970లో ఆయన స్వయముగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చిరి. ప్రత్యర్థి వకీలు ఎదుట నుండగా పలికిన ఆ మాటలకును, తెల్లకాగితము మాత్రమే ఎదుట నుండగా వ్రాసిన మాటలకును తూకము ఒక్కటి కాదు. పైగా గ్రంథము వెలువడినది 1976లో, అత్యవసర పరిస్థితి నడుచుచుండగా. పత్రికలే నోరు మూసుకొన్న ఆ దినములలో నిన్నటి రాష్ట్రపతి ఎంత చెప్పగలరు? ప్రభుత్వమునకు సలహా చెప్పెడి పదవిలో నుండియు, జీవిత బీమా సంస్థ ముంద్రా కంపెనీల వాటాలు కొన్న వ్యవహారముపై 1958లో జరిగిన విచారణయందు ఆర్థికమంత్రి బాధ్యతను దాచక చెప్పిన అటార్నీ జనరల్ సెతల్వాడ్ వంటివారు అరుదు. ఆయన స్వీయచరిత్రయు కలదు, రెండింటిని పక్కపక్కన పెట్టి చదువదగును.

గిరిగారి గ్రంథమును మేము తక్కువ చేయుట లేదు. జిరహా చేయవలసిన భారము మాత్రము పాఠకునిదే, అందులకు కాగితములు కావలెను. పలాస రైల్వే క్వార్టర్లలోగాని, నందిగాం, పాతపట్నం పల్లెలలోగాని, ఆనాటి సంఘపు రసీదులు, 1952 ఎన్నికల కరపత్రములు ఎవరి పెట్టెలోనైన చెదపట్టక మిగిలియున్నచో మాకు పంపుడు; నకలు తీసికొని భద్రముగా తిరిగి పంపెదము.