మొదటి హెచ్చరికకు ముందే మునిగే లంకలు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రం దారి పడితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అవుతుంది. ఆ వార్త టీవీలో వచ్చేసరికే కోనసీమలో కొన్ని లంకలకు రాకపోకలు ఆగిపోయి ఉంటాయి. పి.గన్నవరం మండలం గంటిపెదపూడి దగ్గర వేసవిలో వేసుకున్న తాత్కాలిక గట్టు, జూలైలో ఎర్రనీరు తగలగానే ఏటా కొట్టుకుపోతూ వచ్చింది. ఇక బూరుగులంక, ఊడిమూడిలంక, పెదపూడిలంక, అరిగెలవారిపేట జనానికి పడవే దిక్కు. కనకాయలంకను చాకలిపాలెంతో కలిపే కాజ్‌వేదీ ఇదే కథ.

ఆ రోజుల్లో రేవు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. ఒకే పడవలో పాల క్యాన్లు, మోటారు సైకిళ్లు, అరటి గెలలు, పుస్తకాల సంచులతో బడి పిల్లలు. నీరు ఇంకాస్త పెరిగితే పశువులను ఏటిగట్టు మీదికి తోలాలి. ముదరని గెలలనైనా కోసి, వచ్చిన ధరకు అమ్ముకోవాలి. ప్రభుత్వ లెక్కల్లో అప్పటికింకా వరద రాలేదు!

గోదావరి మంచు కరిగి పొంగే నది కాదు. త్ర్యంబకేశ్వరంలో పుట్టినా, దానికి వరద బలం ఇచ్చేది ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మోసుకొచ్చే వాననీరు. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద ఎప్పుడైనా రావచ్చని అందరికీ తెలుసు. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఇంత వ్యవధి ఇచ్చి వచ్చే విపత్తులు అరుదు.

భద్రాచలంలో 75.6 అడుగులు తాకిన 1986 ఆగస్టు వరదను కోనసీమ పెద్దలు ఇప్పటికీ తలుచుకుంటారు. 2022 జూలైలో అక్కడ 71.3 అడుగులు వచ్చినప్పుడు ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వెళ్లింది. అలాంటి వరదలకు మంత్రులు వస్తారు, సహాయ బృందాలు దిగుతాయి. ఏటా వచ్చే ఐదారు లక్షల క్యూసెక్కుల వరదే ఎవరికీ పట్టదు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర పడవ బోల్తా పడి బడి పిల్లలు గల్లంతయ్యారు. లంకల్లో చదువుకోవాలంటే నదిని దాటాల్సిందేనన్న సంగతి ఆ రోజు రాష్ట్రమంతటికీ తెలిసింది.

బ్యారేజీ దగ్గరి అంకె ఒక్కటే ఊళ్లను కాపాడదు. అమెరికాలోని నార్త్ డకోటాలో 1997 ఏప్రిల్‌లో మంచు కరిగి రెడ్ నది పొంగింది. 49 అడుగులన్న అంచనాను నమ్మి గ్రాండ్ ఫోర్క్స్ పట్టణం గట్లు పెంచుకుంది. నీరు 54 అడుగులు దాటింది, పట్టణం దాదాపు ఖాళీ అయింది. ఆ తర్వాత అక్కడ వసంత వరద అంచనాలు చెప్పే పద్ధతినే మార్చారు. ఏ మట్టానికి చేరే అవకాశం ఎంతో విడమరిచి చెబుతున్నారు.

కోనసీమకు కావలసింది దానికన్నా సులువైన పని. ధవళేశ్వరం నుంచి ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలితే ఏ కాజ్‌వే మునుగుతుందో, ఏ రేవులో పడవ ఆపాలో, ఏ లంక ఖాళీ చేయాలో స్థానిక సిబ్బందికీ పడవ సరంగులకూ అనుభవం మీద తెలుసు. ఆ అనుభవాన్ని కాగితం మీద పట్టికగా పెట్టి, మొదటి ప్రమాద హెచ్చరిక కన్నా ముందు లంకల కోసం ప్రత్యేక హెచ్చరిక ఒకటి ప్రకటించాలి. అది వెలువడిన రోజే తనిఖీ చేసిన పడవలు లైఫ్ జాకెట్లతో రేవులకు చేరాలి. నెలలు నిండిన గర్భిణులను ఆసుపత్రి ఉన్న ఊరికి తరలించాలి, పశువులకు ఎండుగడ్డి గట్టు మీద సిద్ధం చేయాలి. శాశ్వత వంతెనలు పూర్తయ్యేదాకా ఆగనవసరం లేదు. జిల్లా యంత్రాంగం తలుచుకుంటే జూన్ మొదటి వారానికే ఆ పట్టిక ప్రతి లంక పంచాయతీ కార్యాలయం గోడ మీద ఉంటుంది.