ఊనిక తెలియని ఉచ్చారణ

ఆంగ్లపదమునకు వర్ణక్రమము, అర్థము, వాక్యప్రయోగము నేర్పినంతనే పాఠము ముగిసినదని తలచుట మన బడులలో పరిపాటి. ఆ పదమును పలుకునప్పుడు ఏ అక్షరముపై బల మూనవలెనో చెప్పువారు అరుదు. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించిన పిమ్మట ఈ లోటు మరింత బాధించుచున్నది. ఉప్పల్, నాచారం ప్రాంతములలో కర్మాగారములను నమ్ముకొని బ్రదుకు కుటుంబములు పెక్కు కలవు. ఇంట ఆంగ్లము వినబడని ఆ పిల్లలకు బడియే చెవి, బడియే నోరు.

నాచారమునకు అనతిదూరమున, తార్నాక చెంత, నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా వెలుగుచున్న సంస్థ 1958లో కేంద్రీయ ఆంగ్లభాషా సంస్థగా వెలసినది. భారతీయుల ఆంగ్లము పరులకు దుర్బోధ మగుటకు ఊనిక తప్పుట ఒక ముఖ్యకారణమని ఆ సంస్థ 1969లో ప్రచురించిన ఆర్. కె. బన్సల్ పరిశోధన తెలిపినది. అయినను ఆ వెలుగు పొరుగుబడికి చేరలేదు.

ఈ చిక్కునకు మూలము తెలుగుననే కలదు. ‘పడు’, ‘పాడు’ అను పదములను వేరుచేయునది దీర్ఘము. ఊనిక మారినంతమాత్రమున తెలుగుపదమున కర్థము మారదు. ఆంగ్లమున అట్లు గాదు. ‘రికార్డ్’ నామవాచకమైనచో మొదటి అక్షరముపై, క్రియయైనచో రెండవదానిపై బలము పడును. ‘ఫోటోగ్రాఫ్’ న మొదట, ‘ఫొటోగ్రఫీ’ న రెండవచోట, ‘ఫోటోగ్రాఫిక్’ న మూడవచోట ఊనిక నిలుచును. ఊనిక లేని అచ్చులు పెక్కుచోట్ల నలిగి అస్పష్టములగును.

గురులఘువులు నేర్చిన విద్యార్థికి ఇది బొత్తిగా క్రొత్త గాదు. ‘అజెండా’, ‘వెరాండా’ పదములలో నడిమి గురువే ఊనిక నందుకొనుచున్నది. కాని ‘క్యాలెండర్’ న నడిమి యక్షరము గురువైనను ఊనిక మొదటిదానిదే. గురువును లక్షణము తేల్చును. ఆంగ్లపు ఊనికను మాత్రము పదముతో పాటు వినియే నేర్వవలెను. ‘షన్’, ‘ఇక్’ అని ముగియు పదములలో పెక్కింట దానికి ముందటి అక్షరమే బలమందునను సూత్రము కొంత తోడ్పడును.

పరదేశీయుల యాస మనకేల యని కొందరందురు. యాస వేరు, ఊనిక వేరు. స్కాట్లండువాని యాస, అమెరికావాని యాస ఒకటి గావు; ‘ఫొటోగ్రఫీ’ న ఇరువురి ఊనికయు ఒక్కచోటనే. తెలుగువాడు తెలుగుయాసతోనే మాటలాడవచ్చును. ఎదుటివాని కర్థమైన చాలును.

కావున ఉపాధ్యాయుడు క్రొత్తపదమును నల్లబల్లపై వ్రాసిననాడే, బలమందు అక్షరము క్రింద గీత గీయవలెను. తరగతియంతయు చప్పట్లతో ఆ పదమును పలుకవలెను. ఇందుకు వ్యయమేమియు లేదు. అప్పుడే నిఘంటువులో గుర్తు చూచు అలవాటును చేయవలెను. ఉచ్చారణ తప్పినందుకు తోటివారు నవ్విన బాలుడు మరల నోరు విప్పడు. వానికి తెలిసినదంతయు వానిలోనే మిగిలిపోవును. నేర్పని దానికి నవ్వుట బడికి తగదు.