బిడ్డల వెన్నెముక

వెన్నెముక ప్రక్కకు వంగి మెలితిరుగుటను వైద్యులు స్కోలియోసిస్ అందురు. కౌమారమున నూటికి ఇద్దరు ముగ్గురికిది కలుగును. ముదురుట బాలికలలో నధికము. తొలుత నొప్పి యుండదు గనుక ఇంటివారి కంటబడదు. కనబడిన పిమ్మట పెండ్లి చెడునను భయమున దాచుదురు. ఇంతలో ఎదుగుదల ముగియును; కవచచికిత్సకు కాలము మించిపోవును. 2013లో వెలువడిన అమెరికా, కెనడాల పరిశోధనలో కవచము ధరించినవారిలో నూటికి 72 మందికి, ధరింపనివారిలో 48 మందికి వంకర శస్త్రచికిత్స మేరకు పోలేదు.

పరీక్షకు యంత్ర మక్కరలేదు. బిడ్డను ముందునకు వంగుమని వీపు చూచిన చాలును; ఒక ప్రక్క ఎత్తుగ లేచిన అనుమానింపవలెను. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ బృందములు బడులకు పోవుచునే యున్నవి. కాని ఆరంభమున ప్రకటించిన 30 స్థితుల పట్టికలో నిది చేరలేదు.

అనవసరపు ఎక్స్‌రేలు పెరుగునని కొందరు వైద్యుల శంక. అది సహేతుకమే. కావున స్వల్పమైన వంకరను కొలిచి, కొన్ని మాసములకు మరల చూడవలెను. అసలే చూడకుండుట సమాధానము కాదు. పదవ, పండ్రెండవ యేట ప్రతి బాలికను స్త్రీ ఉద్యోగినిచే మరుగున పరీక్షింపజేయుమని ప్రభుత్వమును కోరుచున్నాము. జాతి నిటారుగ నిలువవలెనని వేదికలపై పలుకువారు తొలుత బిడ్డల వెన్ను చూతురుగాక!