చూడదగిన స్థలములు: గోలకొండ

జన్వాడనుండి గండిపేట చెఱువును దాటి తూర్పుగా పోయినచో, ప్రాకారములను మొలనూలువలె చుట్టుకొనిన రాతికొండ యొకటి కానవచ్చును. అదియే గోలకొండ. గొల్లలు మందలు మేపుకొనిన గొల్లకొండయే గోలకొండ యైనదని పెద్దలు చెప్పుదురు.

కాకతీయుల కాలమున నిది మట్టికోట. 1364లో బహమనీ సుల్తానుల వశమైనది. 1518 మొదలు కుతుబ్‌షాహీ ప్రభువులు దీనిని రాతికోటగా బలపఱచి, రాజధానిగా జేసికొనిరి. 1591లో మహమ్మదు కులీ హైదరాబాదును నిర్మించినను, కోట ప్రాముఖ్యము తగ్గలేదు. వజ్రముల వర్తకమువలన దీని పేరు సముద్రముల కావల సైతము వినబడెను.

బాలాహిస్సారు ద్వారముకడ గుమ్మటము క్రింద నిలిచి చప్పట్లు చఱచినచో, ఆ ధ్వని సుమారు 400 అడుగుల యెత్తుననున్న శిఖరమున వినిపించును. మెట్లెక్కునపుడు భద్రాచల రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్నను బంధించిరని చెప్పు చీకటికొట్టు, పైన బండల నడుమ జగదంబా మహాకాళి యాలయము, కొనయందు రాజుల సభామందిరము కలవు.

ఈ కోటను రెండు ముట్టడులు పరీక్షించినవి. 1656లో, అప్పటికి దక్కను సుబేదారుగానున్న ఔరంగజేబు దీనిని చుట్టుముట్టెను. సుల్తాను అబ్దుల్లా తల్లి హయాత్ బక్షీ బేగము స్వయముగా శత్రుశిబిరమునకు పోయి సంధి మాటలాడినది. ఢిల్లీనుండి షాజహాను ఆజ్ఞయు వచ్చుటచే ముట్టడి తొలగెను. కాని యా సంధి యూరక రాలేదు. విశేషధనముతోపాటు, ఆమె మనుమరాలిని ఔరంగజేబు కుమారునకు వివాహము చేయవలసివచ్చెను. రాజ్యము నిలుపుటకై ఇల్లు చెల్లించిన మూల్యమది.

1687లో ఔరంగజేబు చక్రవర్తియై మరల వచ్చెను. ఎనిమిది మాసములు ఫిరంగులు మ్రోగినను, 87 బురుజుల ప్రాకారము లొంగలేదు. తుద కొక రాత్రి లంచమునకు లోబడిన లోపలివాడే తలుపు తెఱచెను. తానాషా బందీయయ్యెను; రాజ్యము గతించెను. చప్పట్ల ధ్వని శత్రువు రాకను తెలుపగలదు గాని యింటివాని ద్రోహమును తెలుపలేదు గదా!

హయాత్ బక్షీ బేగము 1667లోనే కాలధర్మము నొందుటచే ఆ రాత్రిని చూడలేదు. కోటకు సమీపముననే కుతుబ్‌షాహీ సమాధులయందు ఆమె విశ్రమించుచున్నది. నేటికిని ఆషాఢమాసమున హైదరాబాదు బోనములు ఈ కొండమీదనే ఆరంభమగును. స్త్రీలు కుండలను తలనిడుకొని యామెట్లెక్కుదురు.

మీరును బిడ్డలను వెంటబెట్టుకొని యొకసారి పొండు. వారు చప్పట్లు చఱచి యానందింతురు. పిమ్మట సమాధులకడకు గొనిపోయి, రాతిగోడలకన్న ముందుగా కోటను కాచిన యా తల్లి కథ చెప్పుడు.