సన్నగా పుట్టిన బిడ్డకు చక్కెర నీళ్ళు వద్దు

కాన్పు గదిలోంచి బిడ్డను బయటికి తేగానే నాయనమ్మ అడిగే మొదటి మాట: "ఎంత బరువుంది?" రెండున్నర కిలోలకు తక్కువని తెలిస్తే ఇంటిల్లిపాదికీ దిగులే. ఆ దిగులుతోనే చక్కెర నీళ్ళు, డబ్బా పాలు మొదలవుతాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, పసినోట్లో తీపి పోసే అలవాటు మాత్రం ఇంకా పోలేదు.

పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చి 2002, 2003లలో ఫలితాలు ప్రకటించింది. మన పిల్లలు బరువులో తక్కువే. అయితే బాగా తగ్గింది కండ. చర్మం కింద కొవ్వు అంతగా తగ్గలేదు. బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంది. కొవ్వు నుంచి పుట్టే లెప్టిన్ అనే హార్మోను కూడా, బరువును బట్టి చూస్తే, ఎక్కువే.

ఒంట్లో కొవ్వు నిలవ చేయించేది ఇన్సులినే. కాబట్టి ఇలాంటి బిడ్డను తొందరపడి బొద్దుగా చేస్తే పెరిగేది ఎక్కువగా కొవ్వే. పెద్దయ్యాక షుగరు, బి.పి. ముప్పూ పెరుగుతుంది.

మా అభిప్రాయం ఇది: ఈ లోటు తీర్చవలసింది బిడ్డ పుట్టాక కాదు, అంతకు ముందే. గర్భిణికి రోజూ పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు అందాలి. బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలు. నెలనెలా తూకం వేయించండి. బరువు పెరగకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

నాయనమ్మలూ, అమ్మమ్మలూ! బిడ్డ ఎంత బరువుందో తర్వాత అడుగుదురుగాని, కడుపుతో ఉన్న అమ్మాయి ఈ పూట ఏం తిన్నదో ముందు అడగండి.